గుంటూరు నుంచి గోవా వెళ్లి క్యాసినో డీలర్‌గా చేశాను: నా అనుభవం

2025 జనవరిలో, సంక్రాంతి వెళ్లాక, గోవాలో మాండోవి నది మీద ఉండే ఒక క్యాసినో ఓడలో ట్రైనీ డీలర్‌గా, అంటే టేబుల్ దగ్గర ఆట నడిపి గెలిచిన పందేలు చెల్లించే పని నేర్చుకోవడానికి, చేరాను. ఏడాది తిరక్కముందే మానేసి గుంటూరు వచ్చేశాను. వచ్చిన దగ్గర్నుంచి బ్రాడీపేటలో మా వీధి పిల్లలూ, నాతో బీకాం చదివిన స్నేహితులూ, వాళ్ల తమ్ముళ్లూ అడుగుతూనే ఉన్నారు. ఎలా చేరాలి, ఎంత కట్టాలి, లోపల ఏం జరుగుతుంది, ఆడపిల్లలు ఉండొచ్చా అని. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేకన్నా జరిగింది జరిగినట్టు రాసిపెడితే మేలనిపించింది. కంపెనీ పేరు రాయడం లేదు.

అంతకుముందు నేను విజయవాడలో ఒక బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో ఉండేదాన్ని. జీతం పదమూడు వేలు. రోజూ గుంటూరు నుంచి రైల్లో వెళ్లి రావాలి. పండగ సీజన్‌లో ఇంటికి చేరేసరికి రాత్రి పది దాటేది. 2024 నవంబర్‌లో నా స్నేహితురాలి అక్క సెలవు మీద వచ్చింది. ఆవిడ గోవాలో డీలర్. "లెక్కలు గబగబా చేస్తావు, గంటల తరబడి నిలబడటం నీకు అలవాటే, అప్లై చెయ్యవే" అంది.

ముందు విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. ముప్పై వేలు కడితే ఉద్యోగం గ్యారంటీ అన్నారు. రసీదు అడిగితే చేరాక ఇస్తామన్నారు. లేచి వచ్చేశాను. అక్క చెప్పినట్టు కంపెనీ వెబ్‌సైట్‌లోనే రెజ్యూమె పెట్టాను, రూపాయి ఖర్చు కాలేదు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. మా కంపెనీ కొత్తవాళ్లని తీసుకుని తనే నేర్పించింది, నేర్చుకునే రోజుల్లో కూడా ఎంతో కొంత ఇచ్చింది. నా బ్యాచ్‌లో ఇద్దరు బయట అకాడమీల్లో యాభై వేల దాకా కట్టి వచ్చారు. వాళ్లకి మొదటి వారాలు కాస్త సులువయ్యాయి, అంతకుమించి తేడా లేదు. జీతం అందరికీ ఒకటే.

రెండు వారాల దాకా పిలుపు రాలేదు. డిసెంబర్ మొదట్లో ఫోన్ చేసి ఇంగ్లీషులో, హిందీలో మాట్లాడించారు. నా హిందీ అంతంత మాత్రమే, అయినా పర్లేదన్నారు. తర్వాత వీడియో కాల్. పదిహేడు ఆరులు, ముప్పై అయిదు ఎనిమిదులు, నాలుగు వేల ఏడు వందల ఇరవై అయిదులోంచి పద్దెనిమిది వందల యాభై తీస్తే ఎంత, ఇలా కాగితం లేకుండా అడుగుతూ పోయారు. మన దగ్గర ఇరవయ్యో ఎక్కం దాకా బట్టీ పట్టించిన మాస్టార్లకి ఆ రోజు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఆ తర్వాత రెండు చేతులూ ముందూ వెనకా తిప్పి చూపించమన్నారు. గోళ్లు, గాయాల మచ్చలు, పచ్చబొట్లు చూశారు. ఎత్తు అడిగారు, చెయ్యి చాచి కొలిచి చెప్పమన్నారు. రౌలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఏ నంబర్ దగ్గర ఆగుతుందో పందెం కాసే ఆట, ఆ టేబుల్‌కి అవతలి అంచు దాకా చెయ్యి అందాలి కదా, అందుకు.

ఇంట్లో చెప్పిన రోజు గొడవే. నాన్న అరవలేదు, అన్నం సగంలో వదిలేసి లేచిపోయారు. మా మేనమామ వచ్చి "పేకాట ఆడితేనే పోలీసులు తీసుకుపోతారు, నువ్వు పేకాట ఆడించడానికి పోతావా" అన్నాడు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2020లో దాన్ని సవరించి పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని కూడా నిషేధించారు. గోవాకి వేరే చట్టం. అక్కడ 1976 నాటి జూదం చట్టాన్ని 1992లో సవరించి అయిదు నక్షత్రాల హోటళ్లలో మెషీన్ ఆటలకి, తర్వాత 1996లో ఓడల మీద ఆటలకి అనుమతిచ్చారు. లైసెన్స్ తీసుకుని, ప్రభుత్వానికి ఫీజు కట్టి నడిపే వ్యాపారం అది. ఇవన్నీ ప్రింట్ తీసి మామయ్యకి చూపించాను. ఆయన చదివి, "చట్టం సంగతి సరే, పెళ్లి సంబంధాల వాళ్లకి ఏం చెప్తాం" అన్నాడు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, "రాత్రిళ్లు పని నుంచి రూమ్‌కి ఎవరు తెస్తారు?" అని. కంపెనీ బండి ఉందని చెప్పాక ఒప్పుకుంది. బంధువులకి మాత్రం గోవాలో హోటల్ ఉద్యోగమని చెప్పింది.

ఆఫర్ వచ్చాక కాగితాల పని. పోలీస్ వెరిఫికేషన్‌కి రెండు వారాలకి పైగా పట్టింది. మెడికల్‌లో నేను ఊహించని పరీక్ష, రంగులు గుర్తుపట్టడం. చుక్కల బొమ్మలో అంకెలు చదవమంటారు చూడండి, అది. రౌలెట్‌లో ఒక్కో ఆటగాడికి ఒక్కో రంగు చిప్స్, అంటే డబ్బుకి బదులు వాడే బిళ్లలు, ఇస్తారు, రంగు తేడా తెలియకపోతే ఒకరి డబ్బు ఇంకొకరికి పోతుంది. మాతో ఇంటర్వ్యూ పాసైన ఒంగోలు అబ్బాయి ఒకతను అక్కడే ఆగిపోయాడు. తనకి ఎరుపూ ఆకుపచ్చా సరిగా తెలియవని అతనికి ఆ రోజు దాకా తెలియదట. కాబట్టి రైలు టికెట్ కొనుక్కునే ముందు కంటి డాక్టర్ దగ్గర ఈ పరీక్ష చేయించుకోండి.

గుంటూరు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా గోవా వెళ్తుంది. నంద్యాల, బళ్లారి, హుబ్బళ్లి మీదుగా పోయి కనుమల్లో మెల్లగా దిగి మడ్గావ్ చేరుస్తుంది. అక్కడి నుంచి పణజికి బస్సు. చేతిలో ఇరవై వేలు పెట్టుకుని వెళ్లాను, సరిపోయాయి కానీ బొటాబొటిగా. నల్ల బూట్లు, నల్ల ప్యాంట్లు మనమే కొనుక్కోవాలి, అయిదు వేల దాకా అయ్యాయి. రూమ్ కంపెనీదే, నలుగురం ఒక గదిలో, దానికి నెలకి మూడు వేలు కోత. ట్రైనింగ్‌లో ఇచ్చేది పన్నెండు వేలు. నెల మధ్యలో చేరాం కాబట్టి మొదటి డబ్బు చేతికొచ్చేసరికి మార్చి అయింది.

ట్రైనింగ్ ఓడలో కాదు, ఊళ్లో ఒక హాల్లో. మొదటి రెండు వారాలు ఆట అన్నదే లేదు. చిప్స్ పేర్చడం, కొయ్యడం, అంతే. కొయ్యడం అంటే ఇరవై చిప్స్ దొంతరని చూపుడు వేలితో అయిదేసి, నాలుగేసి విడగొట్టి పక్కపక్కన పెట్టడం. ఎన్ని ఉన్నాయో ఆటగాడికీ, పైన కెమెరాకీ ఒకేసారి కనపడాలి. మా అమ్మమ్మ టీవీ చూస్తూనే మల్లెపూలు మాల కట్టేది, వేళ్లే లెక్క చూసుకునేవి. అలా రావాలి అది. నాకు మొదటి వారం వేళ్లు వాచిపోయాయి. రాత్రి రూమ్‌లో పప్పు గిన్నె ఎత్తలేకపోయాను.

తర్వాత రౌలెట్. చక్రంలో సున్నాతో కలిపి ముప్పై ఏడు గళ్లు, వాటి వరస బట్టీ పట్టాలి. సున్నా పక్కన 32, తర్వాత 15, 19, 4, 21 ఇలా. ఏ నంబర్ చెప్పినా దానికి అటూ ఇటూ ఏమున్నాయో ఠక్కున చెప్పాలి. నంబర్ మీద సరిగ్గా పెట్టిన చిప్‌కి 35 చిప్స్ చెల్లించాలి, రెండు నంబర్ల మధ్య గీత మీద పెడితే 17, మూడింటి వరసకి 11, నాలుగు కలిసే మూలకి 8, ఆరింటికి 5. ఒక నంబర్ మీదా దాని చుట్టూ ఇవన్నీ కలిపి చిప్స్ పడతాయి, బంతి ఆగగానే మొత్తం కూడి చెప్పాలి. మధ్య వరసలోని నంబర్ మీద ఒకటి, చుట్టూ ఉన్న గీతల మీద, మూలల మీద, వరసల మీద ఒక్కొక్కటి ఉంటే మొత్తం 156. ఈ 156 నాకు కలలో కూడా వచ్చేది. మాతో మొదలైన వాళ్లలో దాదాపు మూడో వంతు మంది ఈ లెక్కల దగ్గరే వెళ్లిపోయారు. తెలివి లేక కాదు. ఎదురుగా పది మంది చేతులు చాస్తుంటే తప్పు లేకుండా చెప్పాలనే టెన్షన్ తట్టుకోలేక.

చేతుల విషయంలో నియమాలు కఠినం. యూనిఫామ్‌కి జేబులు ఉండవు. ఉంగరం, గాజులు, వాచీ కుదరవు. టేబుల్ వదిలేటప్పుడు రెండు చేతులూ తట్టి, అరచేతులు తిప్పి చూపించాలి. ముక్కు గోక్కోవాలన్నా, జుట్టు సర్దుకోవాలన్నా ముందు చేతులు అలా చూపించాకే. చిప్ ఏదీ దాచలేదని కెమెరాకి రుజువు అది. ఈ అలవాటు ఎంత పట్టిందంటే, దసరాకి ఇంటికొచ్చి నాన్నకి కూర వడ్డించి రెండు అరచేతులూ తిప్పి చూపించాను. అమ్మ బెదిరిపోయింది.

మార్చి చివర్లో టేబుల్ టెస్ట్. సీనియర్లే ఆటగాళ్లలా కూర్చుని కావాలని గోల చేస్తారు, తిడతారు, బంతి ఆగాక చిప్ జరపడానికి చూస్తారు. గెలిచిన నంబర్ మీద డాలీ అనే చిన్న గుర్తు పెట్టాక ఆ చుట్టుపక్కల ఎవరి చెయ్యీ రాకూడదు. గొంతు పెంచకుండా ఆపాలి, వెంటనే ఇన్‌స్పెక్టర్‌ని, అంటే వెనక నిలబడి టేబుల్‌ని చూసుకునే పై ఉద్యోగిని, పిలవాలి. ఫలితం చెప్పడానికి వారం తీసుకున్నారు. ఆ వారం నిద్ర లేదు. పాసయ్యాక జీతం పంతొమ్మిది వేలు, టిప్పులు వేరుగా.

మొదటి రాత్రి జెట్టీ నుంచి స్టాఫ్ పడవలో ఓడకి వెళ్తుంటే కాళ్లు చల్లబడిపోయాయి. ట్రైనింగ్ చిప్స్‌కి విలువ లేదు, ఇక్కడ నా ముందున్న ట్రేలో నా తండ్రి సంవత్సర సంపాదన కన్నా ఎక్కువ ఉంది. నేను మొదట చెల్లించిన పందెం ఏదో ఇప్పటికీ గుర్తుంది, 23 మీద రెండు చిప్స్, డెబ్బై. చెయ్యి వణికింది. వెనకున్న ఇన్‌స్పెక్టర్, మలయాళీ అక్క, "మెల్లగా, మెల్లగా" అంది. అంతే, తర్వాత అలవాటైపోయింది.

లోపల వ్యాపారం ఎలా నడుస్తుందో పని చేస్తేనే అర్థమైంది. మనవాళ్లు చాలామంది అనుకునేది క్యాసినో మోసం చేస్తుందని, చక్రం కింద అయస్కాంతం ఉంటుందని. నేను చూసినంతలో అలాంటిదేమీ లేదు, దాని అవసరమే లేదు. ముప్పై ఏడు నంబర్ల మీదా తలా వంద పెట్టారనుకోండి, 3,700 అయ్యాయి. ఏ నంబర్ వచ్చినా వంద తిరిగిచ్చి దాని మీద 3,500 ఇస్తాం, అంటే 3,600. మిగిలిన వంద ఓడది. నూటికి 2.7 రూపాయలు. అంత చిన్న తేడాతోనే ఆ దీపాలు, ఆ డాన్సులు, మా జీతాలు అన్నీ నడుస్తాయి.

అందుకే పిట్ బాస్, అంటే కొన్ని టేబుళ్లకి కలిపి ఉండే పెద్ద, మమ్మల్ని ఎప్పుడూ అడిగేది గంటకి ఎన్ని స్పిన్‌లు వేశామనే. కస్టమర్ గెలిచాడా ఓడాడా అని ఆయనకి టెన్షన్ ఉండదు. ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూపించాడు. సగటున 500 పందెం, గంటకి 35 స్పిన్‌లు, నాలుగు గంటలు. మొత్తం తిరిగిన పందెం 70,000. దాంట్లో 2.7 శాతం అంటే 1,890 రూపాయలు. ఆ రోజు ఆ మనిషి పదివేలు గెలిచి వెళ్లినా సరే, కంపెనీ పుస్తకంలో అతని విలువ 1,890. తర్వాతిసారి అతనికి ఉచితంగా గది ఇవ్వాలా, ఎంట్రీ టికెట్ ఇవ్వాలా అన్నది ఈ అంకెని బట్టే చూస్తారు. "మనల్ని గౌరవంగా చూసుకున్నారు, గది ఫ్రీగా ఇచ్చారు" అని సంబరపడే మన ఊరి వాళ్లని చూస్తే నాకు బాధగా ఉండేది. ఆ గది అద్దె వాళ్లు టేబుల్ దగ్గర ముందే కట్టేశారు.

టేబుల్ మీద కనిష్ఠం, గరిష్ఠం అని బోర్డు ఉంటుంది. గరిష్ఠం ఎందుకో నాకు మొదట్లో తెలియలేదు. రౌలెట్ చక్రంలో సున్నా తప్ప మిగతా గళ్లు సగం ఎరుపు, సగం నలుపు, రంగు మీద గెలిస్తే పెట్టినంతే లాభం. ఎరుపు మీద పోతే రెట్టింపు పెట్టుకుంటూ పోదాం, ఎప్పుడో ఒకప్పుడు రాకపోతుందా అని ప్రతి రాత్రీ ఎవరో ఒకరు మొదలుపెడతారు. 500తో మొదలెట్టి వరసగా ఏడు సార్లు పోతే 63,500 పోయినట్టు. ఎనిమిదోసారి 64,000 పెట్టాలి. మా టేబుల్ గరిష్ఠం 50,000. పెట్టడానికి వీల్లేదు. అంతా కలిసొచ్చినా వచ్చే లాభం ఆ మొదటి 500 మాత్రమే. ఒక కుర్రాడు, మన వైపు యాసే, నాకు లోలోపల తెలిసిపోయింది, ఇలాగే పెంచుకుంటూ పోయి బోర్డు వైపు చూసి ఆగిపోయాడు. నేను "ప్లేస్ యువర్ బెట్స్" అనాలి, అన్నాను. అంతకుమించి డీలర్ నోటి నుంచి సలహా రాకూడదు. ఆ నియమం నాకు ఉద్యోగంలో అన్నిటికన్నా బరువైంది.

తెలుగువాళ్లు ఎక్కువగా కూర్చునేది అందర్ బాహర్ దగ్గర. మన లోనా బయటా ఆటే, ఒక ముక్క తెరిచి పెట్టి దానికి జత లోన పడుతుందా బయట పడుతుందా అని కాసేది. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన చూసిన ఆట కాబట్టి తమకి బాగా తెలుసనుకుంటారు. కానీ చెల్లింపులో తేడా ఉంది. మొదటి ముక్క పడే వైపు గెలిచే అవకాశం నూటికి దాదాపు యాభై ఒకటిన్నర. అందుకే మా టేబుల్‌లో ఆ వైపు గెలిస్తే వందకి తొంభయ్యే ఇస్తాం, రెండో వైపు గెలిస్తే వందకి వంద. చూడటానికి న్యాయంగానే ఉంటుంది, లెక్క కడితే ఒక వైపు రెండు శాతం పైన, ఇంకో వైపు మూడు శాతం ఓడకే. చేతులు వేగంగా కదిలే ఆట, రౌండు నిమిషంలో అయిపోతుంది. మూడు శాతం చిన్నదే, కానీ రాత్రంతా వందల రౌండ్లు.

మిగతాదంతా వినోదం. జనం ఎంట్రీ ప్యాకేజీ కొనుక్కుని వస్తారు, శని, ఆదివారాల్లో రేటు ఎక్కువ. దాంట్లో బఫే, మందు, స్టేజ్ మీద పాటలు, డాన్సులు, ఓటీపీ చిప్స్ ఉంటాయి. ఓటీపీ అంటే ఇక్కడ ఒక్కసారి ఆడే చిప్, డబ్బుగా మార్చుకోవడానికి ఉండదు, పందెం పెట్టాల్సిందే. చాలామంది దాంతోనే మొదలుపెడతారు. ఇరవై ఒకటి నిండని వాళ్లని ఆటల్లోకి రానివ్వరు. 2020 ఫిబ్రవరి నుంచి గోవా స్థానికులకి కూడా ప్రవేశం లేదు. అందుకే ఓడ నిండా మనవాళ్లు, కన్నడిగులు, మరాఠీలు, ఢిల్లీ, గుజరాత్ వాళ్లు. వారాంతం రాత్రి డీజే తెలుగు పాట వెయ్యగానే ఏ టేబుల్ దగ్గర మనవాళ్లున్నారో అరుపులతో తెలిసిపోయేది.

డబ్బు దారి చాలా పకడ్బందీగా ఉంటుంది. టేబుల్ దగ్గర ఎవరైనా నోట్లు ఇస్తే వాటిని బల్ల మీద పరిచి, గట్టిగా అంకె చెప్పి, ఇన్‌స్పెక్టర్ సరేనన్నాకే చిప్స్ ఇస్తాం. నోట్లు వెంటనే టేబుల్ కింద తాళం ఉన్న పెట్టెలో పడతాయి. ఆ పెట్టె మేం తెరవలేం, పిట్ బాస్ కూడా తెరవలేడు. ట్రేలో చిప్స్ తగ్గితే కేజ్ నుంచి, అంటే డబ్బూ చిప్స్ మార్చే కౌంటర్ నుంచి, కాగితం మీద సంతకాలతో వస్తాయి. మా తల మీద కెమెరా, ఆ కెమెరాలు చూసే గదిలో ఎవరున్నారో మాకు తెలియదు, వాళ్లతో మాకు పరిచయాలు ఉండకూడదు. మొదట్లో అవమానంగా అనిపించింది. ఒక రాత్రి ఒకాయన తను 17 మీద పెట్టానని, నేను చెల్లించలేదని నానా మాటలన్నాడు. ఫుటేజ్ చూసి అయిదు నిమిషాల్లో తేల్చారు, ఆయన పెట్టింది 18 మీద. ఆ రోజు నుంచి కెమెరా నాకు తోడు అనుకున్నాను.

షిఫ్టు సాయంత్రం ఏడు నుంచి తెల్లవారుజాము దాకా. నలభై నిమిషాలు టేబుల్, ఇరవై నిమిషాలు విరామం. పని అయ్యేసరికి వేలి కొనలు చిప్స్ మురికితో నల్లగా అయ్యేవి, సబ్బుకి పోయేవి కావు. జూన్‌లో వానలు మొదలయ్యాక స్టాఫ్ పడవ ఊగిపోయేది, కొందరు వాంతులు చేసుకునేవాళ్లు. నాకు నిద్ర తారుమారవడమే కష్టమైంది. మధ్యాహ్నం రెండింటికి లేచి అమ్మకి ఫోన్ చేస్తే "పొద్దున్నే లేచావా" అనేది, పాపం.

టిప్పుల గురించి అందరూ అడుగుతారు. ఇచ్చిన చిప్‌ని బల్ల మీద తట్టి అందరికీ వినపడేలా పెట్టెలో వెయ్యాలి. నెలాఖరుకి అందరికీ పాయింట్ల లెక్కన పంచుతారు. నాకు తక్కువ వచ్చిన నెల నాలుగు వేలు, ఎక్కువ వచ్చిన నెల పదకొండు వేలు. టిప్పుల్లోనే లక్షలు వస్తాయని చెప్పుకునేది అబద్ధం.

2023 అక్టోబర్ నుంచి చిప్స్ కొనే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 అయింది. ఆ వారాంతం కేజ్ దగ్గర కౌంటర్ అమ్మాయిలకి నరకం. పన్ను పోగా ఇంతేనా అని ఎదురుగా ఉన్న పిల్లల మీదే అరుపులు. నేనేమీ ఆర్థిక నిపుణురాల్ని కాను కానీ, ఆ తర్వాత మా తక్కువ పందెం టేబుళ్ల దగ్గర ఖాళీ కుర్చీలు కనపడటం, టిప్పులు తగ్గడం నా కళ్లతో చూశాను.

అక్టోబర్‌లో ఇంకోటి జరిగింది. ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను. నాన్నకి బాగా తెలిసిన ఒకాయన నా టేబుల్ ముందుకొచ్చి కూర్చున్నారు. నన్ను చూసి గుర్తుపట్టి "ఏమ్మా, నువ్విక్కడా" అన్నారు, తెలుగులోనే. టేబుల్ దగ్గర ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదు, తెలిసినవాళ్లు కూర్చుంటే వెంటనే పై వాళ్లకి చెప్పాలి. చెప్పాను. నిమిషంలో ఇంకో డీలర్ వచ్చాడు, నేను చేతులు తట్టి చూపించి వేరే టేబుల్‌కి వెళ్లాను. అక్కడి నుంచి ఆయన వీపు కనిపిస్తూనే ఉంది. రెండు గంటల తర్వాత కూడా లేవలేదు. విరామంలో మెట్ల దగ్గర ఎదురొచ్చి, "నాన్నకి చెప్పకమ్మా" అన్నారు. "చెప్పను బాబాయ్ గారూ" అన్నాను. ఎవరు ఆడారో బయట చెప్పకూడదని మాకు ఎటూ నియమం ఉంది. కానీ ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. ఆయన పిల్లలు నాకన్నా చిన్నవాళ్లు. అప్పటిదాకా కస్టమర్ల ముఖాలు ముఖాల్లా కనపడేవి, ఆ తర్వాత ప్రతి ముఖం వెనకా ఒక ఇల్లు కనపడటం మొదలైంది. అలా చూస్తూ ఆ పని చెయ్యడం కష్టం. చేసేవాళ్లని తక్కువ చెయ్యడం లేదు. మా మలయాళీ అక్క దాంతోనే ఇద్దరు తమ్ముళ్లని చదివించింది. నావల్ల కాలేదు, అంతే.

అదే సమయంలో కుడి మణికట్టు నొప్పి పెరిగింది. డాక్టర్ నరాలూ కండరాలూ అలిసిపోయాయని, రెండు వారాలు చిప్స్ ముట్టుకోవద్దని అన్నారు. డీలర్‌కి అది సెలవే. జీతం రాదు. డిసెంబర్ మొదట్లో రాజీనామా ఇచ్చాను, నెల రోజుల నోటీసు. డిసెంబర్ 31 రాత్రి దాకా ఉండమన్నారు, ఉన్నాను. ఆ రాత్రి ఓడలో కాలు పెట్టే చోటు లేదు, చెయ్యి కట్టుతోనే చేశాను.

బయటికి రావడం కూడా ఒక ప్రక్రియే, ఎవరూ ముందు చెప్పరు. స్టాఫ్ కార్డు, యూనిఫామ్, లాకర్ తాళం అప్పగించి అయిదు విభాగాల్లో సంతకాలు చేయించుకోవాలి, కెమెరాలు చూసే సర్వైలెన్స్ వాళ్లది చివరిది. చివరి నెల జీతం నలభై అయిదు రోజులకి పడింది. నా చివరి నెల టిప్పుల వాటా మాత్రం రెండుసార్లు మెయిల్ పెట్టాకే వేశారు. అనుభవ పత్రంలో "గేమింగ్ డీలర్" అని రాశారు. విజయవాడలో ఒక ఆఫీసు ఇంటర్వ్యూలో అది చూసి కాసేపు గుసగుసలాడారు, తర్వాత క్యాష్ హ్యాండ్లింగ్ గురించి అడిగి తీసుకున్నారు. ఇప్పుడు పటమటలో అకౌంట్స్ పని, పద్దెనిమిది వేలు, పగటి పూట.

పీఎఫ్ ఒక్కటీ ఇంకా తేలలేదు. నా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, కంపెనీ రికార్డులో ఒక్క అక్షరమే పెట్టారు. పేర్లు కలవక దరఖాస్తు తిరిగొచ్చింది, మళ్లీ పెట్టాను. మీరు వెళ్లేటట్టయితే చేరిన మొదటి వారంలోనే హెచ్‌ఆర్ దగ్గర కూర్చుని పీఎఫ్‌లో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఎక్కించారో లేదో తెర మీద చూపించమని అడగండి. మానేశాక నా విషయంలో ఆ సవరణకి మళ్లీ వాళ్ల ఆమోదమే కావాల్సి వచ్చింది, వాళ్లు ఫోన్ ఎత్తేది సాయంత్రం నాలుగు తర్వాతే.